సింహాచలమ్మ గట్టు కొలత

పరంధామయ్య మొదలుపెట్టినప్పుడు చాలా చిన్న మాటే అన్నాడు. సెక్టర్ సెవెన్‌లో ఒక క్వార్టర్ బాత్రూంలో, కూర్చుని స్నానం చేయడానికి వీలుగా తానొక సిమెంటు గట్టు కట్టాడట. అది కట్టాక ఆ ఇంటి పెద్దాయన మళ్ళీ జారి పడలేదట. అంతే సంగతి. అక్కడితో ఆపేసి, కొలత చెప్పేసి, టీ తాగి వెళ్ళిపోయుంటే అందరూ నమ్మేవారు, సత్యారావు ఇంట్లో పనీ అయిపోయేది. కానీ పరంధామయ్య ఒక మాట దగ్గర ఆగిన మనిషని భిలాయి క్యాంప్ టూ కాలనీలో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

తొంభై నాలుగో సంవత్సరం ఎండాకాలం, ఆదివారం పొద్దున్న. సత్యారావు ఇంటి వరండా అంతా ఇసుక, ఇటుకలు, సిమెంటు దుమ్ము. మేస్త్రీ ఇతవారీ ఇనప తట్టలో మాలు కలిపేసి, తాపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గట్టు ఎంత ఎత్తు, ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని వచ్చిన దగ్గర్నుంచీ అడుగుతున్నాడు. స్టీల్ ప్లాంటులో క్రేను మీద కూర్చుని టన్నుల ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా కిందికి దించే సత్యారావు, తన ఇంట్లో ఒక గట్టు కొలత తేల్చలేక పక్కింటి రాజగోపాల్‌ని అడిగాడు. రాజగోపాల్‌కి దుర్గ్‌లో ఇనప సామాన్ల కొట్టుంది కాబట్టి ఇలాంటివి తెలుస్తాయనుకున్నాడు. రాజగోపాల్ తల గోక్కుని, "పరంధామం అన్నని పిలువు" అన్నాడు.

ఇంతకీ గట్టు ఎవరికోసమో ఆ మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. ఆవిడ గుమ్మానికి లోపలివైపు మంచం మీద దిండుకి ఆనుకుని, అన్నీ వింటూనే ఉంది.

ఆవిడ సత్యారావు తల్లి సింహాచలమ్మ. శివరాత్రి నాడు బాత్రూంలో కాలు జారింది. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి కడ్డీ వేశారు. నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేయగలుగుతోంది. కానీ డాక్టరు గట్టిగా చెప్పాడు, ఇకమీదట పీట మీద కూర్చోవడం లేదు, నేల మీద కూర్చోవడం అసలే లేదు, వంగి కింద ఉన్నదేదీ అందుకోకూడదు. పీట మీద కూర్చుని ముందు నీళ్ళు పెట్టుకుని చెంబుతో పోసుకోవడం తప్ప వేరే స్నానం ఎరగని మనిషాయె. చీపురుపల్లి నుంచి కొత్తకోడలిగా భిలాయి వచ్చినప్పుడు ఆ పీట కూడా పెట్టెలో పెట్టుకుని వచ్చింది.

అప్పట్నుంచీ కోడలు వనజాక్షే స్నానం చేయిస్తోంది. ప్లాస్టిక్ కుర్చీ వేసి, అది జారకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ళు పోస్తుంది. వనజాక్షి మంచిదే. ఒక్క రోజు విసుక్కోలేదు. "అత్తా, చెయ్యెత్తు", "అత్తా, ఇటు తిరుగు" అంటూ పసిపిల్లకి చేయించినట్టు చేయిస్తుంది. సింహాచలమ్మ చెయ్యెత్తుతుంది, ఇటు తిరుగుతుంది, కళ్ళు మూసుకుంటుంది. మొహం మీద నీళ్ళు కారుతూ ఉంటాయి కాబట్టి ఆవిడ ఏడుస్తున్న సంగతి కోడలికి ఇప్పటిదాకా తెలీదు.

క్యాంపులో మొదట్లో ఎవరికీ బాత్రూంలు లేవు. తెల్లవారకముందే ఆడవాళ్ళందరూ వీధి కొళాయి దగ్గర నాలుగు వైపులా చీరలు కట్టుకుని, ఒకళ్ళకొకళ్ళు కాపలా కాసుకుంటూ స్నానాలు చేసేవారు. గాలి వస్తే చీరతోపాటు సిగ్గూ ఎగిరేది. మొగుడు ప్లాంటు కోక్ ఓవెన్లలో, ఆ బొగ్గు బట్టీల దగ్గర, మొదటి ప్రమోషన్ తెచ్చుకున్న రోజున సింహాచలమ్మ గొలుసు అడగలేదు, చీర అడగలేదు, తలుపున్న స్నానాల గది కావాలంది. ఇంటికి రేకుల కప్పు ఉండగానే ఆ గదికి సిమెంటు గోడలు లేచాయి. లోపలికి వెళ్ళి తలుపేసుకుని ఒక్కర్తే నీళ్ళు పోసుకోవడమంటే ఆవిడకి ఏమిటో ఇంకొకళ్ళకి చెప్తే అర్థం కాదు, అందుకే ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ ఆ తలుపు వేసుకోవాలి. ఆవిడకి కావలసింది అదొక్కటే. దానికోసమే ఈ గట్టు.

పరంధామయ్య భార్య నాగలక్ష్మితో సహా వచ్చాడు. ప్లాంటులో కొలుముల లోపల ఇటుకలు పేర్చే సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాడు. నిప్పుని తట్టుకునే ఇటుకని కంటితో చూసి ఎంత వంకర ఉందో చెప్పేవాడంటారు. అందులో అబద్ధం లేదు. చేతి పని అంత నిజం కాబట్టే నోటికి అంత అలుసు దొరికింది కాబోలు. అతని ఊరూ సింహాచలమ్మ అత్తవారి ఊరూ పక్కపక్కనే గనక ఆవిడని ఒదినా అంటాడు. నాగలక్ష్మి లోపలికొచ్చి మంచం అంచున కూర్చుని, "ఎలాగున్నావు అప్పా?" అని, మళ్ళీ మాట్లాడలేదు. మొగుడు వరండాలో ఉన్నంతసేపూ నాగలక్ష్మికి మాట్లాడే అవకాశం ఎక్కడా రాదు.

"ఒరే సత్యం, గట్టు కట్టడమంటే ఇటికలు పేర్సీడం కాదురా," అని పరంధామయ్య కుర్చీలో సర్దుకున్నాడు. "సెక్టర్ సెవెన్‌లో ఆ పెద్దాయనికి కొలత ఎలాగ తీసినానో తెల్సా? టేపు ముట్టుకోలేదు. ఉత్తి ఇటికలు పేర్సి దాని మీద కూకోబెట్టినాను. ఒక ఇటిక తీసీడం, సూడ్డం, మళ్ళీ ఒకటి పెట్టడం. అరికాలు నేలకి పూర్తిగా ఆనాల, మడమ లెగకూడదు, మనిషి ముందుకి జారకూడదు, లెగిసీటప్పుడు ఆపసోపాలు పడకండా లెగాల. అలాగలాగ పద్దెనిమిది అంగుళాల కాడికొచ్చి ఆగింది. కట్టీసినాను. కొడుకు ఎనక నుంచుని నీళ్ళు పోస్తంటే ఆయన దాని మీద కూకుని దండకం సదూకునీవోడు."

సింహాచలమ్మకి ఇది సబబుగానే తోచింది. ఇటుకల మీద కూర్చోబెట్టి చూడ్డం మంచి పద్ధతే.

"తో అఠారా?" అయితే పద్దెనిమిదేనా అంటూ ఇతవారీ తాపీ తీసుకుని లేచాడు.

"ఆగెహె! బైఠో! ఆ పెద్దాయన వేరు, మా ఒదిన వేరు," అని పరంధామయ్య అతన్ని కూర్చోబెట్టాడు. "ఒకరి కొలత ఇంకొకరికి పెడితే ఏటవుతాదో నీకు తెలీదు. ఆ పద్దెనిమిది అంగుళాల సంగతి అటూ ఇటూ పాకీసి, ఒక పెద్ద సాహెబు బంగ్లా నుంచి నాకోసం జీపొచ్చింది. పేరు సెప్పను, ఆయనింకా బతికే ఉన్నాడు. మనిషెంతుంటాడనుకున్నావు? జీపులో ఆయన ఒక పక్క కూకుంటే రెండో పక్క సక్రాలు నేలకి ఆనీవి కావు. ఇటికల మీద కూకోబెట్టినాను. ఇటికలు పొడైపోనాయి. ఆ తర్వాత ఏటైందో తెల్సా?"

"ఏటైంది?" అన్నాడు రాజగోపాల్, టీ గ్లాసు అందుకుంటూ. అతనికి పరంధామయ్య కోతలంటే చెవి కోసుకునేంత ఇష్టం.

"తడి మాలు పోసీసి, 'సాబ్, బైఠియే' అన్నాను. కూకున్నాడు. 'హిలియే మత్' అన్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదల్లేదు మహానుభావుడు. సంతకాలకి ఫైళ్ళు అక్కడికే వచ్చినాయి, అన్నం అక్కడికే వచ్చింది. మాలు ఆరింది. లెగిసినాడు. సూస్తే ఏటుంది! మనిషి అచ్చు అచ్చుగా దిగిపోనాది. నౌకరు నీళ్ళు పోస్తే సాహెబుకీ గట్టుకీ మధ్య ఒక సుక్క దూరలేదు."

"లేచేటప్పుడు సిమెంటు అతుక్కోలేదా అన్నా?"

"సెంట్రింగ్ సెక్కకి నూనె రాయమేటి? సాహెబుకీ రాసినాను."

వనజాక్షి టీ పళ్ళెం పట్టుకునే ఫక్కున నవ్వింది. లోపల సింహాచలమ్మకీ నవ్వొచ్చింది. నవ్వితే తుంటి కలుక్కుమంటుంది, అందుకని చెయ్యి అక్కడ అదిమి పట్టుకుని నవ్వింది. మనిషిలో సరదా ఉంది, కాదనలేం. పక్కన నాగలక్ష్మి మాత్రం కొంగు చివర నలుపుతూ గోడకేసి చూస్తోంది. ఈ సాహెబు కథ ఆవిడ ఎన్నిసార్లు విందో.

"కథ అయిపోలేదు. సాహెబుకి బదిలీ అయిపోనాది. కొత్తగా వచ్చినాయన సన్నంగా పుల్లలాగుంటాడు. గట్టు మీద కూకుంటే ఆ గుంటలోకి దిగిపోయి గెడ్డం ఒక్కటే పైకి కనపడీది. పాపం, నెయ్యి తాగినాడు, బంగాళాదుంపలు తిన్నాడు, గట్టుకి సరిపోలేకపోనాడు. ఆకరికి ఢిల్లీకి ఫోన్లు ఎల్లిపోనాయి. అప్పట్నుంచి ఆ బంగ్లాకి ఎవుల్ని ఏసినా ముందు నడుం కొలత సూసి ఏసీవోరు. సదువు గిదువు తర్వాత."

"చిన్నాన్నా, అది సరే, మా అమ్మకి సీదాగా ఎంతో చెప్పీయవా? మసాలా గట్టిపడిపోతంది," అన్నాడు సత్యారావు. భిలాయిలోనే పుట్టి పెరిగాడేమో, మాలుని మసాలా అనడమే అతనికి అలవాటు.

"అదే సెప్తన్నాను కదా, ఎత్తొక్కటే సాలదు, ఇటిక కూడా సూడాల. నువ్వు ఏ ఇటిక తెచ్చినావో అది మామూలు ఇటిక. సల్లగుంటాది. ముసిలోళ్ళకి సలవ సెయ్యదేటి? నాను రష్యా ఇంజనీరుకి కట్టినాను సూడు, అదీ ఇటికంటే!"

ఇతవారీ తట్టలో కాసిని నీళ్ళు చిలకరించి మాలు మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. ఎవరికీ వినబడకుండా ఏదో గొణుక్కున్నాడు.

"ప్లాంటు కడతన్న రోజులు. నాను కుర్రోణ్ణి. సెర్గేయ్ అని ఒక ఇంజనీరుండీవోడు. ఆళ్ళు మనలాగ నీళ్ళు పోసుకోరు, ఆవిరి పట్టించుకుంటారు. నీళ్ళ సుక్క ముట్టుకోకండా తానం! 'పరంధామ్, గట్టు కావాల' అన్నాడు. కొలిమికి ఏసీ ఇటికలతోటి కట్టినాను. ఎత్తు సరిగ్గా, పొడుగు సరిగ్గా, మనిషి తొంగుంటే తలా కాళ్ళూ అంచుకి ఆనీలాగ. కింద ఒక్కసారి బొగ్గులు ఏసి ముట్టించినాను. ఆ ఇటిక వేడెక్కింది. ఎక్కింది ఎక్కినట్టే ఉండిపోనాది! సంకురాత్రి ఎల్లిపోనాది, ఉగాది ఎల్లిపోనాది, గట్టు సల్లారలేదు. ఆళ్ళావిడ రొట్టెలు దాని మీదే కాల్సీది. ఆ తర్వాత ఏటైందో తెల్సా?"

"చెప్పన్నా, చెప్పు."

"ఆయన తిరిగి ఎల్లిపోయీ రోజొచ్చింది. సామానంతా వదిలీసినాడు, గట్టుని మాత్రం వదల్నన్నాడు. గట్టుని గట్టుగానే పెకలించి, రైల్లో విశాపట్నం తీసుకెళ్ళి ఓడెక్కించినాం. ఓడ కదిలింది. గట్టు వేడికి ఓడ అడుగు కాలింది, అడుగు వేడికి సముద్రం కాగింది, ఓడ ఎల్లిన దారంట సేపలన్నీ ఉడికి తేలిపోనాయి. భీమిలీలో జాలరోళ్ళు వల ఎయ్యలేదు. గరిటెలు పట్టుకుని పడవల్లో ఎల్లి, ఇంత సింతపండు పులుసు పోసుకుని తినీసినారు."

"ఉప్పో?" అన్నాడు రాజగోపాల్.

"సముద్రానికి మళ్ళీ ఉప్పేటి?"

వరండా వరండా అంతా గొల్లుమంది. నవ్వకూడదని బిగబట్టుకున్న సత్యారావు కూడా నవ్వేశాడు. ఇతవారీకి అంకెలు తప్ప తెలుగు రాకపోయినా అందరూ నవ్వుతున్నారని నవ్వాడు. సింహాచలమ్మకి మాత్రం ఈసారి నవ్వు రాలేదు. తట్టలో మాలు రంగు మారుతోంది. మేస్త్రీ ఈ ఒక్క పూటకే దొరికాడు, రేపట్నుంచి కోసుల దూరంలో ఉన్న ఉతై అనే ఊళ్ళో ఏదో బడి కట్టే పనికి వెళ్ళిపోతాడట. ఈ పని ఈ రోజు కాకపోతే మళ్ళీ ఎప్పటికో. అదీగాక ఇందాకట్నుంచీ ఆవిడ మనసుని ఒక సంగతి కెలుకుతోంది. సెక్టర్ సెవెన్ పెద్దాయన వెనక కొడుకున్నాడు. సాహెబు వెనక నౌకరున్నాడు. రష్యా ఆయనకి నీళ్ళే అక్కర్లేదు. ఇన్ని గట్లు కట్టాడు గానీ, వాటి మీద కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ తమ చేత్తో ఒక చెంబెడు నీళ్ళు ముంచుకున్న పాపాన పోలేదు.

ఉతై పేరు వినబడేసరికి పరంధామయ్యకి ఇంకో కథ దొరికింది. ఇతవారీ రేపు అక్కడికి వెళ్ళాలి తొందరగా తేల్చండన్నాడు, అదే తప్పయిపోయింది.

"ఉతైయా? ఉతైలో నా గట్టు సూణ్ణేదేటి నువ్వు?" అన్నాడు పరంధామయ్య. "పొడుగు సంగతి తెలియాలంటే ఉతై కథ వినాల. అక్కడొక పెద్ద రైతు, అందరూ దావూ దావూ అని పిలుస్తారు. ఆయనికి కొడుకులు, కొడుకుల కొడుకులు, అల్లుళ్ళు, అల్లుళ్ళ అన్నదమ్ములు. పెళ్ళి పెట్టుకున్నాడు. పసుపు తానాలు అందరూ ఒకే గట్టు మీద, ఒకే ముహూర్తానికి సెయ్యాలని పంతం. సరే అన్నాను. ఇంట్లో మొదలెట్టినాను, సాల్లేదు. గోడ కొట్టి పెరట్లోకి తెచ్చినాను, సాల్లేదు. చెరువు గట్టంట, పొలాలంట కట్టుకుంటా ఎల్లిపోనాను. అంచు వంకర పోకండా ఉండాలని రైలు పట్టాలు ఏసినాను అంచంతా. దుర్గ్ స్టేషన్ కాడికొచ్చి ఆపినాను."

"అక్కడెందుకు ఆపీసినావు?"

"ప్లాట్‌ఫారం అడ్డొచ్చింది. లేకపోతే రాయపూర్ దాకా ఎల్లిపోదును. రైలెక్కీవోళ్ళు నా గట్టే ప్లాట్‌ఫారం అనుకుని దాని మీద సామాన్లు పెట్టుకుని కూకునీవోరు. లెవెల్ అంటే ఏటనుకున్నావు? ఉతైలో గోళీ పెడితే కదల్లేదు, దుర్గ్‌లో పెడితే కదల్లేదు."

"సబ్బులు ఎన్ని కొన్నారన్నా?"

"ఒక్కటే. ఉతైలో దావూ రాసుకుని పక్కాయనికి ఇచ్చినాడు, ఆయన పక్కాయనికి. అలాగ సేతులు మారి మారి దుర్గ్ సేరీసరికి సబ్బు అయిపోనాది. ఆకరి అల్లుడికి వాసనొక్కటే అందింది. ఆడు దాంతోటే సరిపెట్టుకున్నాడు, మంచి కుర్రాడు."

"మరి ఇంతమందికి నీళ్ళెవరు పోశారు?"

ఈ ప్రశ్న రాజగోపాల్ అడిగాడు గానీ, లోపల సింహాచలమ్మ దిండు మీంచి కాస్త పైకి లేచింది.

"అందుకే కదా వానాకాలం ముహూర్తం పెట్టించినాను!"

"వానాకాలంలో ఇటువైపు పెళ్ళిళ్ళు చెయ్యరు కదా?"

"పంతులికి గట్టు సూపించినాను. 'ఇలాంటి గట్టుంటే ఏ నెలైనా పరవాలేదు' అన్నాడు. ముహూర్తానికి మబ్బొచ్చింది. ఉతై కాడ మొదలై దుర్గ్ కాడికి, గట్టు ఎంత పొడుగుందో అంత పొడుగు మబ్బు. గట్టు ఎంత వెడల్పుందో అంత వెడల్పు. పొలాల్లో ఒక్క సుక్క పడితే ఒట్టు. అందరి నెత్తి మీదా ఒకేసారి పోసీసి ఎల్లిపోనాది."

ఇక సత్యారావు ఆగలేకపోయాడు. లేచి నుంచుని చేతులు జోడించాడు. "చిన్నాన్నా, నీకు పుణ్యం ఉంటాది. ఫైనల్ చెప్పీయి. అమ్మకి ఎంత?"

పరంధామయ్య టీ చివరి గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, చాలా మామూలుగా, అప్పటిదాకా ఏమీ జరగనట్టు చెప్పాడు. "ఎత్తు పద్దెనిమిది. పొడుగు పద్దెనిమిది. లోపలికి పన్నెండు. మా ఇంట్లో నాకు నాను కట్టుకున్న గట్టు సరిగ్గా ఇంతే. దాని మీద కూకుంటే ఒరే, రాజా తానం ఆడినట్టుంటాది. నా మోకాళ్ళు ఎలాగుండీవి, ఇప్పుడెలాగున్నాయి? రాసుకోరా ఇతవారీ. అఠారా, అఠారా, బారా."

ఇతవారీ బతుకుజీవుడా అని తట్ట ఎత్తుకున్నాడు. సత్యారావు ఇటుకలు అందుకున్నాడు. ఇద్దరూ బాత్రూం వైపు నడిచారు. సింహాచలమ్మ మనసులో లెక్క వేసుకుంది. పొడుగూ పద్దెనిమిదే అంటే సరిగ్గా ఒక్క మనిషి పట్టేంత. సిమెంటు ఒకసారి ఆరిందంటే ఇక అంతే. ఆ దిమ్మ మీద తను ఉత్సవ విగ్రహంలా కూర్చుంటుంది, వనజాక్షి వచ్చి అభిషేకం చేస్తుంది, బతికినన్నాళ్ళూ. "అత్తా, చెయ్యెత్తు. అత్తా, ఇటు తిరుగు."

"పరంధామం!" అని పిలిచింది.

గొంతు ఆవిడ అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది. ఇతవారీ తట్టతో సహా గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏటొదినా?" పరంధామయ్య కుర్చీలోంచే తల తిప్పాడు. "నీ గట్టు కాడికే వచ్చినాం. అయిపోనాది."

"నీ ఇంట్లో గట్టు మీద రాజాలాగ కూకుంటావు కదా. బకెట్ ఎక్కడుంటాది?"

"బకెట్టా? బకెట్ కింద ఉంటాది."

"నువ్వు పద్దెనిమిది అంగుళాల మీద, బకెట్ నేల మీద. నీళ్ళెలాగ ముంచుతావు? వంగుతావేటి?"

"నాకేటి కర్మ వంగడానికి..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టేశాడు పరంధామయ్య. అంతవరకూ అన్నాక ఆ వాక్యం ఎటు పోతోందో తనకే తెలిసింది. మనిషి జీవితంలో మొదటిసారి ఒక మాట దగ్గర ఆగాడు. అందరూ అతన్నే చూస్తున్నారు.

మంచం అంచు నుంచి నాగలక్ష్మి చెప్పింది, ఎవరి మీదా ఫిర్యాదు లేనట్టు. "నాను ముంచి పోస్తాను అప్పా. ఈ పొద్దు కూడా పోసీసే వచ్చినాను. ఈపు కూడా నానే రుద్దుతాను."

ముందు రాజగోపాల్ నవ్వాడు. తర్వాత వరండా అంతా నవ్వింది. రష్యా ఓడకీ, ఉతై మబ్బుకీ కలిపి నవ్వినదానికంటే ఎక్కువే నవ్వారు. వనజాక్షి నవ్వలేదు. అత్తగారి మొహంకేసి చూస్తూ నుంచుండిపోయింది.

"నాకు నీళ్ళు పోసీవోళ్ళు వద్దు పరంధామం," అంది సింహాచలమ్మ. "పోసీవోళ్ళుంటే నాకు గట్టెందుకు, కుర్చీ సాలదా? వనజా, నువ్వు మనసులో పెట్టుకోకు. కన్నకూతురు కూడా నీలాగ సెయ్యదు. కానీ నా తానం నాను ఆడుకోవాల, తలుపేసుకుని. పడిన కాణ్ణుంచి నాకు ఇంకో కోరిక లేదు."

సత్యారావు చేతిలో ఇటుకలు అలాగే ఉన్నాయి. తల్లిని ఈ మాట తను ఒక్కసారైనా అడగలేదని అతనికి అప్పుడే తట్టింది. సిగ్గేసింది. "అయితే ఎంత ఉండాలమ్మా?" అన్నాడు మెల్లిగా.

"ఇప్పుడడిగినావు. ఆ స్టాండు ఇలా తే."

కొడుకూ కోడలూ చెరో పక్కా పట్టుకుంటే వరండాలోకి వచ్చింది. ఇతవారీ చేత ఇటుకలు గోడవారగా పేర్పించి వాటి మీద కూర్చుంది. అరికాళ్ళు ఆనలేదు. ఒక వరస తీయించింది. ఆనాయి. ఒకసారి లేచి చూసుకుంది, మళ్ళీ కూర్చుంది. అంతవరకూ పరంధామయ్య సెక్టర్ సెవెన్ పద్ధతే, అది బాగానే పనిచేసింది. ఆ తర్వాత తన కుడిపక్కన కూడా అంతే ఎత్తు ఇటుకలు పెట్టమని, దాని మీద బకెట్ పెట్టించింది. నీళ్ళు పోయించింది. చెంబు తీసుకుని, నడుం కదపకుండా ముంచి, భుజం దాకా ఎత్తి, చీర తడుస్తుందని కూడా చూడకుండా పోసేసుకుంది.

"ఇదీ కొలత," అంది. "నా పక్కన బకెట్ కూకోవాల. కొళాయికి రబ్బరు పైపు ముక్క తొడిగితే దాని నీళ్ళు అదే పట్టుకుంటాది, ఎవులూ ఎత్తి పెట్టక్కర్లేదు. ఇతవారీ, సమ్‌ఝా? హమారా బాజూ మే బాల్టీ బైఠేగా."

"హౌ దాయీ, సమఝ్ గేఁవ్," అర్థమైంది తల్లీ అని ఇతవారీ ఈసారి నిజంగా నవ్వుతూ, ఆవిడ కూర్చున్న చోటు నుంచి బకెట్ అవతలి అంచు దాకా బొగ్గుముక్కతో గోడ మీద గీత గీశాడు. పరంధామయ్య చెప్పినదానికి దగ్గర దగ్గర రెట్టింపు పొడుగు వచ్చింది.

వనజాక్షి తువ్వాలు తెచ్చి అత్తగారి భుజం తుడవబోయి, ఆగి, తువ్వాలు ఆవిడ చేతికే ఇచ్చింది.

పరంధామయ్య గొంతు సవరించుకున్నాడు. మనిషిని ఎంత తొక్కినా మాట పైకి తేలుతుంది. "అదే కదా ఒదినా, నాను సెప్పబోతన్నది! ఉతైలో అంత పొడుగు ఎందుకు కట్టినాననుకున్నారు? మనుషులకా? మనుషులకైతే పెరడు దాటక్కర్లేదు. అంతా బకెట్లకే! మనిషికో బకెట్, మనిషికో బకెట్. సెప్పనిచ్చినారు కాదు!"

నాగలక్ష్మి అప్పటికి గుమ్మంలోకి వచ్చి నుంచుంది. కొంగు భుజం మీదకి సర్దుకుని, మొగుడికేసి తిన్నగా చూసింది.

"అయితే మంచిదే అయ్యింది," అంది. "మన గట్టుకి బకెట్ సోటు కట్టించీదాకా, రేపట్నుంచి నువ్వు ఉతై ఎల్లి తానమాడి వచ్చీయి."